కొర్రలు, కోడిగుడ్డు పెంకు

మా రాజమండ్రిలో బడ్జీలని బడ్జీలని ఎవరూ అనరు. లవ్ బర్డ్స్ అంటారు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. ఇవి ఆస్ట్రేలియా పిట్టలు, 1840లో జాన్ గూల్డ్ అనే ఆయన ప్రాణాలతో ఇంగ్లండుకి తీసుకెళ్ళాక అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకాయి. మన రామచిలకని పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి, చిలక సరదా ఉన్నవాళ్ళందరికీ ఇవే దిక్కు. 2021లో వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ హైదరాబాదు నుంచి ఇంటికొచ్చిపడ్డ నాక్కూడా ఇవే దిక్కయ్యాయి. రెండు జతలు కొన్నాను.

"ఏం పెట్టాలండీ?" అనడిగితే, అమ్మినతను "కొర్రలు పడేయండి సార్, అవే బతికేస్తాయి" అన్నాడు.

కొర్రల కోసం మూడు కొట్లు తిరిగాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి వరి తప్ప ఇంకో తిండి తెలీకుండా పోయింది. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద ఎంత విసుగో మనకి తెలుసు కదా. ఆయన చివరికి రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువుకే చేరాడు. ఆ విసుగు మా ఊళ్ళో ఇంకా ఉంది. ఇక్కడ కొర్రలు కొనేవాళ్ళు రెండు రకాలు: షుగరున్నవాళ్ళు, పిట్టలున్నవాళ్ళు. "మీకాండీ, పిట్టలకాండీ?" అని కొట్టాయన అడిగాడు కూడా. సంచీ చూసి అమ్మ నవ్వింది. వాళ్ళ అమ్మమ్మది మెట్టలో, జగ్గంపేట వైపు. చిన్నప్పుడు వెళ్తే కొర్రన్నం పెట్టేదట. "అప్పుడు ఏడ్చేవాళ్ళం, వరన్నం కావాలని" అంది.

మూతికి చిన్న చిల్లుపెట్టిన మట్టికుండ ఒకటి పంజరంలో కట్టాను. పదిరోజులకి ఆడదాని ముక్కు మీది తోలు ముదురు గోధుమరంగుకి తిరిగింది. గూటికి సిద్ధమైందని గుర్తు. అది కుండలోకి వెళ్ళిపోతే మగపిట్ట తను తిన్నది కక్కి దాని నోట్లో పెడుతుంది. రోజు విడిచి రోజు ఒక్కో గుడ్డు, నాలుగు నుంచి ఆరు దాకా పెడతాయి. పొదగడానికి దాదాపు 18 రోజులు. ఎక్సెల్ షీట్ కూడా చేసుకున్నాను, అలవాటు చావదు కదా.

మొదటి జతలో ఆడది రెండు గుడ్లు పెట్టింది. మూడోది రాలేదు. పొద్దున చూస్తే ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చునుంది, తోక పైకీ కిందకీ కొట్టుకుంటోంది. నిద్రొస్తోందేమో అనుకుని స్టాండప్ కాల్‌లో కూర్చున్నాను. కాల్ అయ్యేసరికి చచ్చిపోయింది. గుడ్డు లోపలే అడ్డంపడి పోయిందని, పావురాలు పెంచే ఒక పెద్దాయన పొట్ట తడిమి చెప్పారు. "ఏం పెడుతున్నావు బాబూ?" అనడిగారు. కొర్రలన్నాను. "ఇంకా?" అన్నారు. ఇంకేం లేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. గింజల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ, విటమిన్ ఏ దాదాపు లేదు. గుడ్డుపెంకుకి కావలసిన సున్నం తిండిలో దొరకకపోతే పిట్ట తన ఎముకల్లోంచి తీసి పెడుతుంది. అదీ చాలకపోతే పెంకు మెత్తబడుతుంది, గుడ్డుని బయటికి నెట్టే కండరానికి బలం చాలదు. ముప్ఫై నలభై గ్రాముల ప్రాణి, ఉన్నదంతా గుడ్లకి పెట్టేసి పోయింది.

రెండో జతకి కుండ తీసేసి ముందు తిండి మార్చాను. మూలికల కొట్లో సముద్రపు నురుగు దొరికింది. నురుగు కాదు, కటిల్ ఫిష్ లోపలి గుల్ల. పంజరానికి కడితే ఆడది గంటలకొద్దీ గీకేది. కొర్రల్లో సామలు, వరిగలు కలిపాను. కొన్ని నానబెట్టి మొలకెత్తించాను. మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారెట్. పాలకూర మాత్రం తక్కువే, అందులో ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేస్తుంది. ఉడికించిన కోడిగుడ్డు పెంకుతో సహా చిదిమి పెట్టాలి, మన ఉక్కకి గంటా రెండుగంటల్లో తీసెయ్యాలి, లేకపోతే పులిసిపోతుంది. వారం దాకా ఏదీ ముట్టలేదు. పొద్దున్నే ఆకలిమీదున్నప్పుడు గింజల కంటే ముందు పెడితే అలవాటు పడ్డాయి. పంజరాన్ని కిటికీ అద్దం ముందు నుంచి వరండాలోకి మార్చాను, విటమిన్ డీకి కావలసిన కిరణాలు అద్దంలోంచి రావు మరి. గుడ్డు ఉడికించి చిదిమేది అమ్మే. నాకు మీటింగులుండేవి.

నాలుగు పిల్లలు లేచాయి. అవి కుండలోంచి తొంగిచూడటం మొదలుపెట్టిన వారంలోనే అమ్మ దొడ్లో జారిపడింది. పెద్దగా పడిందేం లేదు, చెయ్యి ఆన్చిందంతే. మణికట్టు విరిగింది. ఎముకలు బాగా గుల్లబారాయన్నారు డాక్టరు. "రోజూ ఏం తింటారండీ మీ అమ్మగారు?" అని నన్నడిగారు.

నాకు తెలీదు.

ఒకసారి ఓ నవల మీద సమీక్ష రాస్తూ, మూడొందల పేజీల్లో ఆ తల్లి ఎన్నిసార్లు వండిందో ఉంది, ఒక్కసారి కూడా తిన్నట్టు లేదు, ఇది రచయిత చూపులోని లోపం అని రాశాను. ఆ వాక్యాన్ని కొందరు మెచ్చుకున్నారు కూడా. పిట్ట ఏ పూట ఎంత తిందో నా షీట్‌లో ఉంది. అమ్మ తినేది మేం లేచాక, వంటింట్లో పీట మీద. అప్పుడు నేనెప్పుడూ అక్కడ లేను.

ఇంటికొచ్చాక అడిగాను. "ఏదో ఒకటి తింటాను నాన్నా. పొద్దున చద్దన్నం, ఆవకాయ బద్ద. రాత్రి మజ్జిగ."

"పాలు, గుడ్డు?"

"గుడ్డు పిట్టలకి కదా" అంది. నిజంగానే అంది, దెప్పటానికి కాదు. దెప్పినా బాగుండేది.

పిల్లలు కుండ దిగాక రెండో కాపుకి వెళ్ళనివ్వకుండా కుండ తీసేశాను. ఆడదానికి కొన్ని నెలలు విశ్రాంతి ఇవ్వాలి, వరసగా గుడ్లు పెడితే మళ్ళీ ఎముకల మీదకే వస్తుంది. అమ్మకి విశ్రాంతి ఇవ్వడానికి తీసెయ్యదగ్గ కుండేదీ నాకు కనపడలేదు. కట్టున్న ఆరువారాలూ వంట నేనే చేశాను, చాలా అధ్వాన్నంగా. ఆవిడ ముందు కూర్చుని ఆవిడ తినేదాకా లేచేవాణ్ణి కాదు. మొదట్లో ముట్టేది కాదు, "తర్వాత తింటాలే" అనేది. ఆకలిమీదున్నప్పుడు ముందుగా పెట్టడమే దీనికీ మందని తేలింది.

ఇప్పుడు పొద్దున రెండు గుడ్లు ఉడుకుతాయి. ఒకటి పెంకుతో, ఒకటి పెంకు లేకుండా. ఆవిడ వరండాలో ఎండకి కూర్చుని తింటుంది. తింటూ తింటూ చిన్న ముక్క తుంచి పంజరం వైపు చెయ్యి చాపుతుంది. "అమ్మా, వాటికి పెట్టాను" అంటాను. వినదు.