ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాళ్ళు - నా హాజరు



ఈ నెల గోడపత్రికలో "ఆటలు" శీర్షిక నన్ను రాయమని తెలుగు మాస్టారు చెప్పారు. నాకు తెలిసిన ఆట ఫుట్‌బాల్ ఒక్కటే. అందులో కూడా గోల్ కొట్టడం నాకు చేతకాదు. నేను బ్యాక్‌లో ఆడతాను. మన పాఠశాల జట్టుకి ఇప్పటికి 11 మ్యాచ్‌లు ఆడాను. గోల్స్ సున్నా. అందుకని ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళ గురించి కాకుండా, ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాళ్ళ గురించి రాస్తున్నాను. ఇందులో లెక్కలన్నీ పి.ఇ.టి. మాస్టారు చెప్పగా నోట్‌బుక్‌లో రాసుకున్నవి. చివర్లో మాత్రం ఒక సొంత విషయం ఉంది. అది వార్డెన్ మాస్టారు తప్పకుండా చదవాలి.

దేశం తరపున ఒక మ్యాచ్ ఆడితే దాన్ని ఒక "క్యాప్" అంటారు. క్యాప్ అంటే టోపీయే. 1886 నుంచి ఇంగ్లండులో దేశానికి ఆడినవాళ్ళకి నిజంగానే టోపీ ఇచ్చేవారట. ఆ మాట అలాగే ఉండిపోయింది. గోల్ కొట్టినా, కొట్టకపోయినా, గెలిచినా, ఓడినా మైదానంలోకి దిగితే ఒకటి లెక్క. నాకైతే ఇది మన హాజరు పట్టీలాగే అనిపించింది. మొదటి ర్యాంకు వాడికీ ఒకటే టిక్కు, నాలాంటివాడికీ ఒకటే టిక్కు.

దక్షిణాసియా దేశాల మగవాళ్ళలో అందరికన్నా ఎక్కువ మ్యాచ్‌లు ఆడింది మన సునీల్ ఛేత్రి. ఆయన 1984లో సికిందరాబాదులోనే పుట్టాడు. నాన్నగారు సైన్యంలో పని చేసేవారు. 2005 జూన్‌లో పాకిస్తాన్‌లోని క్వెట్టాలో మొదటి మ్యాచ్ ఆడాడు, గోల్ కూడా కొట్టాడు. అది 1-1తో డ్రా అయింది. ఆ తరవాత 19 ఏళ్ళు ఆడుతూనే ఉన్నాడు. 2018లో ముంబయిలో ఒక మ్యాచ్‌కి మూడు వేల మంది కూడా రాలేదు. మనవాళ్ళు 5-0తో గెలిచారు గానీ చూసేవాళ్ళు లేరు. అప్పుడు ఛేత్రి ఒక వీడియోలో చేతులు జోడించి, మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కాని మైదానానికి రండి అని జనాన్ని బతిమాలుకున్నాడు. తరవాతి మ్యాచ్ కెన్యాతో. అది ఆయన 100వ మ్యాచ్. ఆ రోజు వానలో కూడా స్టేడియం నిండిపోయింది. ఆయన రెండు గోల్స్ కొట్టాడు, మనం 3-0తో గెలిచాం. ఆటగాడి హాజరు ఒక్కటే చాలదు, చూసేవాళ్ళ హాజరు కూడా కావాలని నాకు అప్పుడు అర్థమయింది.

2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో ఆడింది 151వ మ్యాచ్. అదే ఆఖరుదని ముందే చెప్పాడు. ఆ మ్యాచ్ 0-0. ఒక్క గోల్ కూడా లేదు. అయినా వేలమంది లేచి నిలబడ్డారు, ఆయన ఏడ్చాడు. బడి తెరిచాక పి.ఇ.టి. మాస్టారు ఆ పేపరు ముక్కను నోటీసు బోర్డుకి అంటించారు. గోల్ లేని మ్యాచ్‌కి ఎందుకు ఏడ్చారు సార్ అని అడిగాను. "ఆ ఒక్క మ్యాచ్‌కి కాదురా, అన్నిసార్లు వచ్చినందుకు" అన్నారు మాస్టారు.

ఆ మాట నాకు ఎందుకు తగిలిందో చెప్తాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా 2024 సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళి 23 రోజులు తిరిగి రాలేదు. మా అయ్య కాఫీ పళ్ళ బస్తా మోస్తూ గెడ్డ దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాఫీ కోత మిగిలిపోయింది, పసుపు తవ్వాలి, ఉడకబెట్టాలి. అమ్మ ఒక్కతే ఏం చేస్తుంది? వారం రోజులు చేసి వెళ్ళిపోదాం అనుకున్నాను. వారం దాటింది. తరవాత పని వల్ల కాదు, సిగ్గు వల్ల ఆగిపోయాను. ఇన్ని రోజులు పోయాయి, ఇప్పుడు వెళ్తే ఏమంటారో, పాఠాలు ఎక్కడికి పోయాయో అని భయం. ఒక్కొక్క రోజు పోతున్నకొద్దీ ఆ భయం రెట్టింపు అయ్యేది. బడి మానేసినవాళ్ళు చాలామంది ఇలాగే మానేసి ఉంటారని నాకు అనిపిస్తుంది. మానేద్దామని ఎవడూ అనుకోడు. రేపు వెళ్దాం అనుకుంటాడు.

ఒక ఆదివారం మా ఇంటి ముందుకి నా స్నేహితుడు వచ్చి నిలబడ్డాడు. పేరు రాయను, అందరికీ తెలుసు. నా పక్క చాప వాడిది. కొండ దిగి, మళ్ళీ ఎక్కి, 9 కిలోమీటర్లు నడిచి వచ్చాడు. చదువు గురించి ఒక్క ముక్క అనలేదు. "నీకు బదులు నన్ను బ్యాక్‌లో నిలబెట్టీసినారు. నాకు రాదు. మొన్న మూడు గోల్లు తినీసినాం. నువ్వు రా" అన్నాడు. అంతే. అమ్మ అంబలి పోస్తే తాగి వెళ్ళిపోయాడు. మర్నాడు అయ్య కర్ర పట్టుకుని, జీపులో నన్ను తీసుకొచ్చి దింపాడు. వార్డెన్ మాస్టారు రిజిస్టరు తీశారు. నా పేరు ఎదురుగా ఎర్ర ఇంకుతో 23 సున్నాలు ఉన్నాయి. కాని పేరు కొట్టెయ్యలేదు. "ముందు తినిరా, తరవాత మాట్లాడదాం" అన్నారు. గదిలోకి వెళ్తే నా చాప, పెట్టె ఉన్నచోటే ఉన్నాయి. ఎవరూ తియ్యకుండా వాడు కాపలా కాశాడట.

ఇప్పుడు మళ్ళీ లెక్కల్లోకి వస్తాను. మొత్తం ఆసియాలో చాలాకాలం ఎక్కువ మ్యాచ్‌ల రికార్డు మలేషియాకి చెందిన సో చిన్ ఆన్ పేరు మీద ఉండేది. ఆయన 1969 నుంచి 1984 వరకు ఆడాడు. ఫిఫా లెక్క ప్రకారం 195 మ్యాచ్‌లు. ఆయన కూడా నాలాగే బ్యాక్! ఈ సంగతి తెలిసిన రోజు నేను అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాను. 15 ఏళ్ళలో 195 అంటే ఏడాదికి 13. ఛేత్రికి ఏడాదికి 8 చొప్పున వస్తాయి. ఎందుకంటే ఆ రోజుల్లో కౌలాలంపూర్‌లో మెర్డెకా అనే పోటీకి ఏటా ఎన్నో దేశాల జట్లను పిలిచేవారు. ఇంటి దగ్గరే అన్ని మ్యాచ్‌లు దొరికేవి. కాబట్టి అంకె ఒక్కటే చూసి ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ అనకూడదు.

1980లో మాస్కో ఒలింపిక్స్‌కి వెళ్ళాలంటే మలేషియా దక్షిణ కొరియాని ఓడించాలి. 2-1తో ఓడించింది. ఆ గెలుపు గోల్ కొట్టింది జేమ్స్ వాంగ్, బ్యాక్‌లో ఆడింది సో చిన్ ఆన్. దేశమంతా పండగ చేసుకుంది. కాని అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం వెళ్ళిందని ఎన్నో దేశాలు ఆ ఒలింపిక్స్‌ని బహిష్కరించాయి. మలేషియా కూడా వెళ్ళలేదు. సంపాదించుకున్నది చేతికి రాలేదు. ఆయన మానేశాడా? ఇంకో నాలుగేళ్ళు ఆడాడు.

ఆయన రికార్డుని 2022లో కువైట్‌కి చెందిన బదర్ అల్ ముతావా 196 మ్యాచ్‌లతో దాటాడు. ఈయన 2003లో మొదలుపెట్టాడు. మధ్యలో 2015 అక్టోబరు నుంచి 2017 డిసెంబరు వరకు కువైట్ ఫుట్‌బాల్ సంఘాన్ని ఫిఫా నిషేధించింది. ఆటగాళ్ళ తప్పేమీ లేదు. రెండేళ్ళకి పైగా దేశం తరపున ఒక్క మ్యాచ్ లేదు. ముప్పై దాటిన ఆటగాడికి రెండేళ్ళంటే మాటలు కాదు. నిషేధం ఎత్తేశాక మళ్ళీ వచ్చి 196 దాకా తెచ్చాడు. 2023 మార్చిలో పోర్చుగల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో 197వ మ్యాచ్ ఆడి ఆయన్ని దాటాడు. అదే ఏడు జూన్‌లో 200 కూడా పూర్తి చేశాడు. బాలికల ఆశ్రమ పాఠశాలలో ఉన్న మా చెల్లి, ఆడవాళ్ళ సంగతేంటి అని అడిగింది. వాళ్ళది ఇంకా పెద్ద లెక్క. అమెరికాకి చెందిన క్రిస్టీన్ లిల్లీ 2010 వరకు 354 మ్యాచ్‌లు ఆడింది. మా చెల్లి ఇప్పుడు నాతో గర్వంగా మాట్లాడుతోంది.

మన దేశంలో ఛేత్రి కన్నా ముందు అందరికీ తెలిసిన పేరు బైచుంగ్ భూటియా. సిక్కింలో టింకితామ్ అనే చిన్న కొండ ఊరు. 1995 నుంచి 2011 వరకు దేశానికి ఆడాడు. భూటియాలు కూడా మనలాగే గిరిజనులు. ఇంకా ముందు, 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టుకి కెప్టెన్ తాలిమెరెన్ ఆవో అనే నాగా గిరిజనుడు. ఆ జట్టులో చాలామంది బూట్లు లేకుండా ఆడి ఫ్రాన్స్‌తో 2-1 తేడాతో ఓడిపోయారు. ఆయన ఆడిన మ్యాచ్‌ల లెక్క ఛేత్రి పక్కన పెడితే చాలా చిన్నది. కాని ఆయన చదువు మానలేదు. డాక్టరై నాగాలాండ్ వెళ్ళి పని చేశాడు. మన ప్రాంతం ఆసుపత్రుల్లో డాక్టరు కోసం ఎంతసేపు కూర్చోవాలో మనకి తెలుసు. అందుకే ఆ హాజరు కూడా పెద్ద హాజరే అని నా ఉద్దేశం.

ఇక సొంత విషయం.

నన్ను వెనక్కి తెచ్చిన ఆ స్నేహితుడు ఈ ఏడు దసరా సెలవులకి వెళ్ళి ఇంతవరకు రాలేదు. మేము పదో తరగతి. త్వరలో పరీక్ష ఫీజు కట్టి నామినల్ రోల్ పంపిస్తారు. అందులో పేరు లేకపోతే మార్చిలో వాడు పరీక్ష రాయలేడు.

వార్డెన్ మాస్టారూ, రెండు వారాల క్రితం ఆదివారం నేను కనపడకపోతే మీరు వెతికించారు. గెడ్డకి బట్టలు ఉతకడానికి వెళ్ళానని చెప్పాను. అది అబద్ధం. నేను అనుమతి లేకుండా వాళ్ళ ఊరు వెళ్ళాను. మీరు తిడతారని భయపడి చెప్పలేదు. తప్పయింది, క్షమించండి. వాడు మేకల దగ్గర ఉన్నాడు. వాళ్ళ నాన్న దూరం కూలికి వెళ్ళాడు, ముసలమ్మకి బాగోలేదు. నేను వాడు చెప్పిన మాటే వాడికి చెప్పాను. నువ్వు రా అన్నాను. వాడు తల దించుకుని, "ఇన్ని రోజులు పోయినాయి కదరా, ఇప్పుడేటని వస్తాను?" అన్నాడు. అది నేను అనుకున్న మాటే. పనికన్నా ఆ సిగ్గే పెద్ద అడ్డు. నేను వాడిలాగా గట్టిగా చెప్పలేకపోయాను. తిరిగి వస్తుంటే దారంతా ఏడుపొచ్చింది.

ఛేత్రి గురించి ఒక మాట దాచి ఉంచాను. 2024లో అంతమంది ముందు ఏడ్చి సెలవు తీసుకున్న మనిషి, తొమ్మిది నెలలు తిరిగాక 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మళ్ళీ మైదానంలోకి దిగాడు. అప్పటికి 40 ఏళ్ళు. మాల్దీవులతో మ్యాచ్. తలతో గోల్ కొట్టాడు, మనం 3-0తో గెలిచాం. వెళ్ళిపోయాను అని చెప్పినవాడు తిరిగి వస్తే ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే రమ్మని కోచ్ స్వయంగా అడిగాడు. తనంతట తాను రావడం కష్టం. పిలిస్తే రావడం తేలిక.

అందుచేత నా మనవి ఇది. మాస్టారూ, వచ్చే ఆదివారం మీరు ఒక్కసారి వాళ్ళ ఊరికి రండి. దారి నేను చూపిస్తాను. ఈసారి అనుమతితోనే వస్తాను. ఆ వైపు సంతకి వెళ్ళే అన్నలు, తమ్ముళ్ళు కూడా వాడు కనిపిస్తే ఏమీ అడగకండి. ఎందుకు మానేశావని అసలే అడగొద్దు. బ్యాక్‌లో ఒకడు తక్కువయ్యాడని చెప్పండి చాలు. వాడి చాప, పెట్టె ఉన్నచోటే ఉన్నాయి. నేను చూసుకుంటున్నాను. రిజిస్టరులో సున్నాలు ఎన్ని పడినా పరవాలేదు, పేరు మాత్రం కొట్టెయ్యకండి.

అబద్ధం చెప్పినందుకు ఏ శిక్ష వేసినా చేస్తాను. ఆదివారం వెళ్ళివచ్చాక చేస్తాను.

ఇట్లు,
మీ విద్యార్థి,
10వ తరగతి (బ్యాక్)