మా యింటి కాకిపిల్లలు

తద్దినమునాడు పిండము గోడపై నుంచి కాకికై ఆకాశమువంక జూచు మనము, మరునాడు వడియముల కడకు వచ్చిన యా కాకినే కఱ్ఱతో దోలుచుందుము. మేమును అట్టివారమే. 2024 సంవత్సరము వైశాఖమాసమున రెండు కాకిపిల్లలు మాకు వేఱొక పాఠము నేర్పినవి.

ఒకనాటి గాలివానకు మా పెరటి వేపకొమ్మ విఱిగి గూడు నేలబడెను. పుల్లలతోబాటు ఇనుపతీగ ముక్కలుగూడ జేర్చి యల్లిన గూడది. పెద్దకాకులు రెండును తెగిన విద్యుత్తీగ తగిలి చచ్చిపడియుండెను. పిల్లలు రెండు మాత్రము బ్రతికియుండెను.

ఆకలిగొన్న శిశువునకు పాలు పట్టుట తప్ప వేఱేమియు నెఱుగని మేము దూదితో వాని నోట పాలు పిండితిమి. తెల్లవారుసరికి చిన్నది చచ్చియుండెను. పశువైద్యులు చెప్పినప్పుడుగాని మాకు తెలియలేదు. పక్షికి పాలు అరుగవు. నాలుక వెనుకనే ఊపిరిగొట్టపు రంధ్రముండుటచే, నోట బోసిన ద్రవము ఊపిరితిత్తులకు జొచ్చును. దయచేతనే చంపితిమిగదా యని ఆ దినము మాకు అన్నము సహించలేదు.

మిగిలినదానికి నానిన సెనగలు మెత్తగా నూరిన ముద్దలును, ఉడికించిన కోడిగ్రుడ్డును పెట్టుమనిరి. గ్రుడ్డు మా గడప దాటి యెఱుగదు. మేము అత్తగారి మొగము జూచితిమి. "పసిప్రాణికి మడేమిటే అమ్మాయీ! పెరట్లో వేరే గిన్నె పెట్టుకో" అని వారు జపమునకు బోయిరి.

పగలెల్ల గంట కొకమాఱు అది యెఱ్ఱని నోరు తెఱచి అఱచెడిది. నెల తిరుగునప్పటికి రెక్కలు వచ్చెను. పిల్లలు దానికి పేరు పెట్టిరి. అది వారి భుజములెక్కి తిరుగుచుండగా మేము మురిసితిమి. ఒకనాడది వీథిలో బోవు బాటసారి భుజముపై వ్రాలి నోరు తెఱచెను. అతడు బెదరి గొడుగుతో గొట్టెను. రెక్క వాచినదేగాని విఱుగలేదు. మనుష్యుని నమ్మిన కాకికి ఆయుర్దాయము లేదని యప్పుడు మాకు కనువిప్పు కలిగెను.

అమరకోశమున కాకికి పరభృత్తని, అనగా ఇతరుని పెంచునదని, యొక పేరు గలదు. దానిచే పెంచబడిన కోకిల పరభృతము. కోకిలపిల్ల యెగిరిపోయినపుడు కాకి దానిని పేరు పెట్టి పిలువదు. ఇప్పుడు పరభృత్తులము మేమైతిమి.

నాటినుండి దానిని ముట్టుట మానితిమి. పేరు పిలుచుట మానితిమి. ముద్దలు గోడపై నుంచి తలుపు వేసికొంటిమి. మా చిన్నవాడు తలుపుసందునుండి చూచి యేడ్చెను. ఊరికాకులు మొదట దానిని పొడిచినవి. కొన్నిదినములకు ప్రక్కన కూర్చుండనిచ్చినవి. శ్రావణమున నొక సాయంకాలము వానితో గూడి చింతతోపునకు బోయినది. రాత్రికి రాలేదు.

నేలబడిన ప్రతి కాకిపిల్లయు దిక్కులేనిది గాదు. ఎగుర నేర్చుచు క్రిందబడిన పిల్లకు తల్లిదండ్రులు నేలమీదనే మేత పెట్టును. కావున దూరమునుండి కనిపెట్టి చూడుడు. నిజముగా దిక్కులేనిదైనచో పశువైద్యునికిగాని అటవీశాఖవారికిగాని తెలుపుడు. పాలుగాని నీళ్ళుగాని నోట బోయవలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాకిని ఎలుకలతోబాటు హానికర జంతువుల పట్టికలో జేర్చినది. 2022 నాటి సవరణ ఆ పట్టికనే తొలగించినది. చట్టమే మనసు మార్చుకొన్నప్పుడు మన మేల మార్చుకొనరాదు?

ఆ యేటి మహాలయపక్షమున మామగారి పిండము గోడపై నుంచగా అయిదారు కాకులు వ్రాలినవి. పిల్లలు పాతపేరుతో పిలువబోగా అత్తగారు వారి నోటికి చేయి యడ్డము పెట్టిరి. ఒక్క కాకియు మావంక జూడలేదు. పిండము తిని యన్నియు నెగిరిపోయినవి.