మంచు దారికి ఏ టైరు?

మనవి ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబాలు. తాతలో ముత్తాతలో ఎప్పుడో బండి కట్టుకొని వచ్చి ఈ అరవదేశంలో స్థిరపడ్డారు. వారి ప్రయాణానికి కావలసిన జాగ్రత్తలు రెండే: ఎద్దు కాలికి నాడా, ఇరుసుకు కందెన. ఇప్పుడు మన పిల్లలు అంతకంటె ఎన్నో రెట్లు దూరం పోయినారు. కొందరు కాపురమున్న చోట ఏడాదిలో సగం నెలలు మంచు పడుతుంది. ఫోనులో మనం అడిగేది ఏమిటి? "చలిగా ఉందా? స్వెట్టరు వేసుకొన్నావా?" అని. బండి కాళ్లకు ఏమి తొడిగినావని అడిగేవారు తక్కువ. ఈ నాలుగు మాటలు దానిని గురించే.

మేము సేలంలో ఒక లారీ ఆఫీసులో ఇరవై ఏండ్లకు పైబడి గుమాస్తాగా ఉన్నాము. చదువు మెట్రిక్యులేషన్‌తో ఆగింది. ఏ టైరు ఏ లారీకి ఎక్కింది, ఎన్ని వేల కిలోమీటర్లు నడిచింది, రీట్రెడింగుకు ఎప్పుడు పోయింది అనే లెక్కలు రాయడమే మా పని. మంచును కళ్లతో చూచి ఎరుగము. అయినా మా చెల్లెలి కొడుకు అమెరికా నుంచి ఫోను చేసి, "మామా, నా ట్రక్కుకు టైర్లు కొనాలి. నీవు టైర్ల లెక్కలు రాసేవాడివి కదా, ఒక మాట చెప్పు" అన్నప్పుడు కాదనలేకపోయినాము.

అబ్బాయి ఉండేది కొలరాడో రాష్ట్రంలో, డెన్వరు నగరానికి పడమట ఉన్న ఎవర్‌గ్రీన్ అనే కొండ ఊరిలో. సముద్రమట్టానికి ఏడువేల అడుగుల పైమాట. ఇంటికి చేరే చివరి మైలు మట్టిదారి. పోయిన సంవత్సరం పాత పికప్ ట్రక్కు ఒకటి కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. కోడలు నర్సు. డెన్వరు వైపు ఆసుపత్రిలో ఉదయం ఏడింటికి డ్యూటీ ఎక్కాలి. ఆమెకు వేరే చిన్న కారు ఉన్నది. వారికి నాలుగేండ్ల పాప.

మావాడు అప్పటికే మనసులో ఒక టైరును ఖాయం చేసుకొన్నాడు. పెద్ద పెద్ద దిమ్మెలు, వాటి నడుమ వేలు దూరేంత సందులు. "చూడు మామా, సింహం పంజాలా ఉంది. మంచును చీల్చుకొని పోతుంది" అని బొమ్మ పంపించినాడు. అది బురద కోసం చేసిన టైరు. అందులోని కిటుకు తెలియాలంటే మంచు మీద టైరు ఎట్లా పట్టు దొరకబుచ్చుకొంటుందో ముందు తెలియాలి.

టైరు నేలను తాకే చోటు చాలా చిన్నది. 2,400 కిలోల బండి, చదరపు అంగుళానికి 35 పౌన్ల గాలి అనుకొని లెక్క వేసినాము. ఒక్కొక్క చక్రం కింద సుమారు రెండు పోస్టుకార్డులు పక్కపక్కన పరచినంత జాగా వచ్చింది. ఇంటిల్లిపాదీ ఆ ఎనిమిది పోస్టుకార్డుల మీద ప్రయాణం చేస్తున్నారన్నమాట. అక్కడి పట్టు రెండు సంగతులను బట్టి ఉంటుంది. ఒకటి రబ్బరు గుణం, రెండవది గాట్ల అమరిక.

రబ్బరు చలికి బిగుసుకొంటుంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటీగ్రేడు దిగువకు పోయేసరికి గట్టిపడి పట్టు సడలడం మొదలుపెడుతుంది. చలికాలానికే చేసిన టైరు అంత చలిలోనూ మెత్తగా ఉంటుంది. వేసవిలో వేడి రోడ్డు మీద తిప్పితే అదే టైరు తొందరగా అరిగిపోతుంది.

ఇక గాట్లు. బురదలో పెద్ద సందులు కావాలి. చక్రం తిరిగేటప్పుడు బురద ఎగిరిపోయి సందు ఖాళీ కావాలి. మంచు సంగతి తలకిందులు. మంచు గాట్లలో ఇరుక్కొని నిలవాలి, ఎందుకంటే మంచును బాగా పట్టుకొనేది మంచే. పిల్లలు మంచుముద్ద చేసి నేల మీద దొర్లిస్తే అది పెరుగుతూ పోతుందే, ఆ గుణమే ఇక్కడా పనిచేస్తుంది. అదీగాక దిమ్మెల మీద కత్తితో కోసినట్లు సన్నని చీలికలు అనేకం ఉండాలి. ఒక్కొక్క చీలిక అంచు మంచును గీరి పట్టుకొంటుంది. బురద టైరుకు దిమ్మెలు ఘనమే గాని చీలికలు తక్కువ. లోతైన కొత్త మంచులో తవ్వుకొని పోవచ్చు. గట్టిగా అణగిన మంచు మీద, నున్నని గాజుమంచు మీద దాని పంజా జారిపోతుంది. ఎవర్‌గ్రీన్ దారులలో బండ్లు తిరిగి తిరిగి మిగిలేది ఆ అణగిన మంచూ, గాజుమంచే.

ఈ రెంటి నడుమ ఉన్నదే ఆల్-టెరైన్ టైరు. తారు రోడ్డు, మట్టిదారి, గులకరాళ్లు, కొంత మంచు, అన్నింటికీ పనికివచ్చేటట్లు చేసినది. "అన్నింటికీ పనికివచ్చేది దేనికీ పూర్తిగా పనికిరాదు కదా, రెంటికీ చెడ్డ రేవడి కాదా?" అని మా ఆఫీసు డ్రైవరొకడు అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మంచు మీద ఆగడంలో అసలు చలికాలపు టైరుకు ఇది సాటిరాదు. కాని ఏడాది పొడుగునా ఒకే జత మీద తిరిగే బండికి, రోజూ ఒక మైలు మట్టిదారి ఎక్కి దిగవలసిన బండికి, ఇది సరిపోతుంది. అయితే ఆల్-టెరైన్ అని పేరున్న ప్రతి టైరూ మంచుకు సమానం కాదు.

అది తెలుసుకొనే గుర్తు టైరు పక్కగోడ మీద ఉంటుంది. ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు చాలా టైర్ల మీద కనిపిస్తాయి. బురద, మంచు అని దాని అర్థం. కాని అది గాట్ల ఆకారాన్ని బట్టి తయారీదారు వేసుకొనే గుర్తు, మంచు మీద నడిపి పరీక్షించి ఇచ్చినది కాదు. రెండవ గుర్తు మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచుపువ్వు. అమెరికా, కెనడా దేశాల రబ్బరు తయారీదారులు కలిసి 1999లో దీనిని తెచ్చినారు. అణగిన మంచు మీద పరీక్ష చేసి, నమూనా టైరుకు 100 మార్కులనుకొంటే 110 తెచ్చుకొన్నదానికే ఈ పువ్వు దక్కుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. ఆ పరీక్ష చూచేది బండి కదిలి ముందుకు పోయే బలాన్ని. మంచులో ఎంత దూరంలో ఆగుతుంది, గాజుమంచు మీద ఎట్లా ప్రవర్తిస్తుంది అనేది దానిలో లేదు. కాబట్టి పువ్వు ఉంటే మేలే, పువ్వు ఉన్నదిగదా అని వేగం పెంచరాదు.

నాలుగు చక్రాలకూ బలం అందే బండి గురించి కూడా ఇదే చెప్పినాము. ఆ బలం కదలడానికి సాయం, గట్టు ఎక్కడానికి సాయం. ఆగడానికి కాదు. బ్రేకులు అన్ని బండ్లకూ నాలుగు చక్రాల మీదే ఉన్నాయి. ఏర్కాడు కొండదారిలో ఇరవై మలుపులు దిగే మా డ్రైవర్లు వానాకాలంలో భయపడేది ఎక్కడానికి కాదు, దిగడానికి.

తరువాత కొలత మాట. మావాడి ట్రక్కుకు 265/70 ఆర్ 17. వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 70 వంతులు, ఆర్ అంటే రేడియల్, లోపలి రిమ్ము 17 అంగుళాలు. మొత్తం ఎత్తు లెక్క వేస్తే సుమారు 31.6 అంగుళాలు. ఇంకా వెడల్పుది వేయాలని వాడి సరదా. వెడల్పు పెరిగితే బరువు పరుచుకొని టైరు మంచు మీద తేలుతుంది. సన్ననిది మంచును కోసుకొని కింది నేలను అందుకొంటుంది. అందుచేత కంపెనీ ఇచ్చిన కొలతే ఉంచమన్నాము.

బరువు మోసే తరగతి ఇంకొకటి. ఎల్.టి. అనే అక్షరాలతో ఈ తరగతిది అయితే పాత లెక్కలో పది పొరల టైరుకు సమానం. బరువులు లాగేవారికి, పదునైన రాళ్ల మీద పోయేవారికి అది అవసరం. మావాడు మోసేది వారానికొకసారి సరుకులు, చలికాలంలో కట్టెలు. దానికి ఆ టైరు వేస్తే బండి బరువెక్కి పెట్రోలు తాగుతుంది, పాప వెనుక సీటులో ఎగిరెగిరి పడుతుంది. తేలిక తరగతి చాలునన్నాము.

ఇంతవరకూ మాట సాఫీగా నడిచింది. లారీ ఆఫీసు అలవాటు కొద్దీ ఒక ప్రశ్న వేసినాము. "నాయనా, తెల్లవారకముందు ఇంటినుంచి బయలుదేరే బండి ఏది?"

వాడు జవాబు చెప్పేలోగా వెనుకనుంచి కోడలు పలికింది. "నా కారు, మామయ్యగారూ. అయిదున్నరకు బయలుదేరుతాను. అప్పటికి దారిలో మంచు తీసేవాళ్లు రారు."

ఆ కారు టైర్లు ఎట్లా ఉన్నాయని అడిగినాము. కారు కొన్నప్పటినుంచి అవే టైర్లు. కొంచెం ఆగి ఆమె ఇంకొక మాట చెప్పింది. మొన్న మార్చిలో గట్టు దిగి పెద్దరోడ్డు కలిసే చోట బ్రేకు వేస్తే కారు ఆగలేదట. జారిపోయి పక్కనున్న మంచుగుట్టకు ఆనుకొన్నదట. ఆ సమయంలో రోడ్డు మీద వేరే బండి లేదు. "పాప కూడా వెనుక సీటులో ఉన్నది. ట్రక్కు కొన్న అప్పు ఇంకా తీరలేదు కదా అని ఆయనకు చెప్పలేదు" అన్నది.

ఫోనులో కాసేపు మాట వినబడలేదు. మా పక్కన కూర్చొన్న చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. "ఆ ఉద్యోగం మానేయమను అన్నా" అన్నది. ఉద్యోగం మానడానికీ, టైరు మార్చడానికీ మధ్య ఎంత దూరమున్నదో ఆమెకు నచ్చజెప్పడానికి మాకు ఆ సాయంత్రం పట్టింది.

అక్కడినుంచి లెక్క తిరగరాసినాము. ఉన్న డబ్బు ముందుగా చిన్నకారుకు పోవాలి. దానికి అసలైన చలికాలపు టైర్లు, నాలుగూ ఒకే రకం. ముందు రెంటికి మాత్రమే వేస్తే ముందు భాగం నిలిచి వెనుక భాగం తిరిగిపోతుంది. రెండు జతలంటే రెండింతలు ఖర్చని మావాడు నసిగినాడు. ఒక్కసారి పెట్టే డబ్బు ఎక్కువే. కాని చలికాలపు జత నడిచినన్ని నెలలు మామూలు జత గోడకు చేరబడి విశ్రాంతి తీసుకొంటుంది, అరగదు. రెండూ కలిసి ఎక్కువ కాలం వస్తాయి. అసలు అదనపు ఖర్చు ఏటా రెండుసార్లు మార్చే కూలి, నిలవ ఉంచే చోటు. ట్రక్కుకు మంచుపువ్వు గుర్తున్న ఆల్-టెరైన్ టైర్లు, తేలిక తరగతివి, రెండు నెలల తరువాత. మంచు బాగా పడి, ఇద్దరూ ఒకే బండిలో పోగలిగిన నాడు ట్రక్కు తీయాలి, మెల్లగా తీయాలి. సింహం పంజా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పిల్లలు మంచు దేశాలలో ఉన్న పాఠకుల కోసం మరికొన్ని సంగతులు రాస్తున్నాము.

కొనేటప్పుడు పక్కగోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాల వరుస చివరి నాలుగు అంకెలు చూడాలి. 3224 అని ఉంటే 2024వ సంవత్సరం 32వ వారంలో పుట్టిన టైరు. ఏండ్ల తరబడి కొట్టులో పడి ఉన్న సరుకును కొత్తదిగా తీసుకోరాదు.

గాలి చలికి తగ్గుతుంది. ఫారెన్‌హీటులో ప్రతి పది డిగ్రీలకు సుమారు ఒక పౌను. సెప్టెంబరులో 70 డిగ్రీలప్పుడు పట్టిన గాలి జనవరిలో సున్నా డిగ్రీలకు ఏడు పౌన్లు తక్కువ చూపుతుంది. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన చీటీ మీద రాసి ఉంటుంది. ఇసుకలోనో రాళ్లలోనో పోవడానికి గాలి కొంత తీస్తే, తారు రోడ్డు ఎక్కకముందే తిరిగి పట్టాలి.

అరుగుదల ముఖ్యం. అమెరికాలో చాలా రాష్ట్రాలలో గాటు 2/32 అంగుళం, అంటే 1.6 మిల్లీమీటర్లు మిగిలేవరకు చట్టం ఊరుకొంటుంది. మన దేశంలో కార్లకూ అంతే. మంచుకు అది చాలదు. కొలరాడోలో ఐ-70 రోడ్డు మీద డాట్సీరో, మారిసన్ ఊళ్ల నడుమ సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ప్రత్యేక నియమం ఉన్నది. నాలుగు చక్రాల బలమున్న బండికైనా గాటు లోతు 3/16 అంగుళం ఉండాలి, లేదా గొలుసులు ఉండాలి. నియమాలు మారుతూ ఉంటాయి గనుక ఏటా చలికాలానికి ముందు చూచుకోవాలి. ఇక్కడ మనవాళ్లు 'మొట్టై టైరు' అని నవ్వుకొనే దశ రాకముందే, సగం అరిగిన టైరే మంచు దారిలో మొట్టై అవుతుంది.

అయిదారువేల మైళ్లకొకసారి ముందు టైర్లు వెనుకకూ, వెనుకవి ముందుకూ మార్చితే అన్నీ సమంగా అరుగుతాయి. ఇది మా లారీలకూ చేసే పనే.

అక్టోబరు మొదటి వారంలో చిన్నకారుకు టైర్లు ఎక్కినాయి. డిసెంబరులో ట్రక్కుకు ఎక్కినాయి. అప్పు తీరడం నాలుగు నెలలు వెనుకబడింది. తొలి పెద్ద మంచు పడిన మరునాడు కోడలు స్వయంగా మాకు ఫోను చేసింది. "మామయ్యగారూ, గట్టు కింద ఆగింది" అని మాత్రం అన్నది. డ్యూటీకి వేళవుతున్నదని వెంటనే పెట్టేసింది.