ఆమ్‌స్టర్‌డామ్‌లో అందరి సొత్తు

పిల్లలూ, ఐరోపా పటం తీసి, ఉత్తర సముద్రపు ఒడ్డున నెదర్లాండ్స్ దేశం ఎక్కడున్నదో వెతకండి. చాలా చిన్న దేశం. అందులో సుమారు నాలుగో వంతు నేల సముద్రమట్టానికి దిగువన ఉన్నది. దాని రాజధాని ఆమ్‌స్టర్‌డామ్. ఆమ్‌స్టెల్ అనే నదికి అడ్డకట్ట వేసిన చోట పుట్టింది గనుక ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. అక్కడి పాత ఇళ్లు బురదనేలలో దిగగొట్టిన కొయ్య స్తంభాల మీద నిలిచి ఉన్నాయి. అటువంటి దేశంలో కట్ట ఒక్క చోట తెగితే అందరి ఇళ్లూ మునుగుతాయి. కట్టను కాపాడటం అందరి పని అని అక్కడివారు వందల ఏళ్ల కిందటే నేర్చుకున్నారు. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో మనకు మళ్లీ పని పడుతుంది.

ఇక రైలు స్టేషను నుంచి బయలుదేరి కాలవల వెంట కొంచెం దూరం నడుద్దాం. అదుగో, ఎత్తైన గోపురం! దాని పేరు ఔడె కెర్క్. అంటే పాత చర్చి అని అర్థం. 1306లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చి ఆ నగరంలోకెల్లా పాత కట్టడం. దీన్ని చూపించటానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. 2012లో వచ్చిన "టియర్స్ ఆఫ్ స్టీల్" అనే చిన్న సినిమా కథ ఇక్కడే జరుగుతుంది. కొందరు శాస్త్రజ్ఞులు, యోధులు ఈ చర్చిలో చేరి, రోబోట్ల బారి నుంచి ప్రపంచాన్ని కాపాడటానికి పూనుకుంటారు.

నిజంగా ఆ వీధుల్లో రోబోట్లు తిరిగాయా? లేదు. మరి మనుషుల పక్కన అవి ఎలా కనిపించాయి?

మీరు రైలులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు గమనించే ఉంటారు. దగ్గరి చెట్లు గబగబా వెనక్కు పోతాయి. దూరపు కొండ మెల్లగా కదులుతుంది. ఆ తేడాను బట్టి ఏది దగ్గరో, ఏది దూరమో తెలుస్తుంది. కంప్యూటర్ కూడా ఇదే చేస్తుంది. సినిమాలో సాధారణంగా సెకనుకు 24 బొమ్మలు ఉంటాయి. గోడ మూల, కిటికీ అంచు వంటి గుర్తులు ఒక బొమ్మ నుంచి మరొక బొమ్మకు ఎంత జరిగాయో కొలిచి, కెమెరా ఎటు కదిలిందో లెక్క కడుతుంది. లేని రోబోట్‌ను కూడా ఆ లెక్క ప్రకారమే గీస్తే, అది నేలమీద నిజంగా నిలబడినట్టే ఉంటుంది.

ఇంకొక ఉపాయం ఆకుపచ్చ తెర. నటుణ్ణి దాని ముందు నిలబెట్టి చిత్రం తీసి, తరువాత పచ్చరంగు ఉన్నంతమేరా తొలగించి, అక్కడ కావలసిన దృశ్యాన్ని పెడతారు. పచ్చరంగే ఎందుకో చెప్పగలరా? మనిషి ఒంటి రంగుకూ దానికీ పోలిక లేదు గనుక!

ఆ సినిమాకు వాడిన సాధనం పేరు బ్లెండర్. వంటింటి యంత్రం కాదు సుమా, కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్! టాన్ రోసెన్‌డాల్ అనే డచ్చివాడు 1994లో దీన్ని మొదలుపెట్టాడు. తరువాత దీని కోసం ఒక కంపెనీ వెలిసింది. కాని 2002లో ఆ కంపెనీ మూతపడింది. బ్లెండర్ కూడా దానితోపాటే మరుగున పడవలసిందే. అయితే పెట్టుబడి పెట్టినవారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు: లక్ష యూరోలు ఇస్తే దాన్ని లోకానికి వదిలేస్తామన్నారు. దేశదేశాల్లో దాన్ని వాడేవారు తలా కొంచెం వేసుకున్నారు. ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగయ్యాయి! 2002 అక్టోబరు 13న బ్లెండర్ అందరి సొత్తు అయింది.

ఇంగ్లీషులో "ఫ్రీ" అన్న ఒక్క మాటకు రెండు అర్థాలున్నాయి. మన తెలుగులో వాటికి రెండు వేరే మాటలు: ఉచితం, స్వేచ్ఛ. బ్లెండర్ ఉచితం, అంటే వెల లేదు. దానికి స్వేచ్ఛ కూడా ఉన్నది. దాని లోపల రాసిన ఆదేశాలన్నీ ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, ఇతరులకు పంచవచ్చు. "టియర్స్ ఆఫ్ స్టీల్" కోసం కెమెరాతో తీసిన అసలు చిత్రాలను కూడా, నేర్చుకునేవారి కోసం అలాగే వదిలారు.

ఇటువంటి సాధనం పిల్లల ఆటలకే పనికివస్తుందనుకోకండి. లాట్వియా దేశస్థుడు గింట్స్ జిల్బలోడిస్ బ్లెండర్‌తోనే "ఫ్లో" అనే సినిమా తీశాడు. వరదలో చిక్కిన ఒక పిల్లి కథ అది. అందులో ఒక్క మాట కూడా లేదు. 2025లో దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది.

మీకూ చేయాలని ఉన్నదా? పెద్దల అనుమతి తీసుకుని, బ్లెండర్ వారి సొంత వెబ్‌సైట్ నుంచే తెచ్చుకోండి. ఎక్కడైనా డబ్బు అడిగితే ఆగి, ఇంట్లో చూపించండి. మొదట ఐదు సెకన్ల చిత్రం చాలు. 24 చొప్పున అదే 120 బొమ్మలు! పచ్చ దుప్పటిని ముడతలు లేకుండా కట్టి, వెలుతురు దానిమీద సమంగా పడేట్టు చూడండి. నటించేవాడు మాత్రం పచ్చచొక్కా వేసుకోరాదు. వేసుకుంటే తల, చేతులు మాత్రమే గాలిలో తేలుతాయి! ఒకరి ముఖాన్ని వారికి చెప్పకుండా వాడి, లేనిది ఉన్నట్టు నమ్మించటం మాత్రం తగదు. అది వినోదం కాదు, మోసం.

కట్ట సంగతి గుర్తున్నదా? అందరి సొత్తు అంటే ఎవరికీ పట్టనిది అని కాదు. మీరు ఒక కిటుకు నేర్చుకుంటే తోటివారికి నేర్పండి. తప్పు కనిపిస్తే తయారుచేసేవారికి తెలియజేయండి. దానిలోని మాటలను తెలుగులోకి మార్చటానికి సాయపడండి. కట్టకు తట్టెడు మట్టి వేయటం అంటే అదే.