గాలి కదిలేదాకా

కడుపు ఆపరేషన్ తర్వాత పేగులు కొద్దిరోజులు మొరాయిస్తాయి. కామారెడ్డిలో అమ్మకు గర్భసంచి తీశాక, ఎల్లారెడ్డి నుంచి వచ్చిన చుట్టాలందరి ముందూ నర్సు అడిగింది: "గ్యాస్ పోయిందా, అమ్మా?" అమ్మ సిగ్గుతో గోడవైపు తిరిగింది.

మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల కింద, ఎముకకు బయటిపక్క నన్ను నొక్కమంది నర్సు. చైనా వైద్యంలో ఆ చోటు పేరు జూసాన్లీ. మణికట్టు మీది నెయ్‌గువాన్ బిందువు వాంతుల్ని తగ్గిస్తుందనడానికి 2015 కోక్రేన్ సమీక్షలో కొంత ఆసరా ఉంది. పేగుల విషయంలో ఆధారాలు ఇంకా పలచనే. డేటా అడిగే ఇంజనీర్ని, అయినా నొక్కాను.

రెండోరోజు రాత్రి, చుట్టాలు వెళ్లాక, కాలు నొక్కుతుంటే అమ్మ మెల్లగా అంది: "పోయింది బిడ్డా."

నడిపించినందుకో, నొక్కినందుకో! పేగుల సంగతేమో గానీ, సిగ్గు మాత్రం నొక్కితేనే వదిలింది.