తాకీ తాకని చెయ్యి

2025 ఫిబ్రవరి 26, మహాశివరాత్రి

రాత్రి పది దాటాక చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, డాన్ చనిపోయిందట." ఆ నటి పేరు మిషెల్ ట్రాక్టెన్‌బర్గ్ అని ఇద్దరికీ తెలుసు. అయినా చెల్లి నోట డాన్ అనే వచ్చింది. న్యూయార్క్‌లో పోయిందట, 39 ఏళ్లకే. 'బఫీ ద వాంపైర్ స్లేయర్' సిరీస్‌లో బఫీకి చెల్లెలు డాన్.

అమ్మ ఉన్నన్నాళ్లూ మా చేత జాగారం తనే చేయించేది. ఈసారి ఎవరింట్లో వాళ్లం కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టుకుని, ఐదో సీజన్ మొదటినుంచి చూశాం. తెల్లవారేదాకా.

ఫిబ్రవరి 27

నిద్ర లేచాక గుర్తొచ్చింది. బఫీ వాళ్లమ్మ చనిపోయే 'ది బాడీ' ఎపిసోడ్ అమెరికాలో ప్రసారమైంది 2001 ఫిబ్రవరి 27న. ఇవాళ్టికి 24 ఏళ్లు. అది మాత్రం ఇవాళ పెట్టలేను.

మార్చి 1

కొయ్య మేకు గుండెలో దిగగానే వాంపైర్ బట్టలతో సహా దుమ్మై రాలిపోతుంది. మోసేవాళ్లు అక్కర్లేదు, పాతిపెట్టడం అక్కర్లేదు. బఫీ చేతులు దులుపుకుని మర్నాడు బడికి వెళ్తుంది. చిన్నప్పుడు అది నాకు ఒట్టి ట్రిక్కులా కనిపించేది. ఇప్పుడు చూస్తే కథ మొత్తం దానిమీదే నిలబడిందనిపిస్తోంది. సనీడేల్ అనే ఊళ్లో, నరకద్వారం మీద కట్టిన హైస్కూల్లో చదివే పిల్ల వారం వారం చంపుతూ ఉండాలంటే, చంపినదేదీ మిగలకూడదు.

మనుషుల శవాలు లేవని కాదు. రెండో సీజన్లో జెన్నీ టీచర్ చనిపోయినప్పుడు మేమిద్దరం అన్నం మానేశాం. కానీ ఆమెని చంపినవాడు ఎదురుగా ఉన్నాడు. వెంటపడి కొట్టడానికి ఒకడున్నాడు.

మార్చి 2

మొదటి నాలుగు సీజన్ల ఫైట్లలో బఫీగా వేసిన సారా మిషెల్ గెల్లర్‌కి డూప్ సోఫియా క్రాఫర్డ్. ఆ కాలు విసరడంలో ఉన్న ఊపు ఆమెది. ఆ సిరీస్ మీద ఇంత ప్రేమ పెంచుకున్న మాకు ఆ పేరు ఎంతో ఆలస్యంగా తెలిసింది. అందుకే ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 3

పిలవందే వాంపైర్ గడప దాటలేదు. ఒకసారి లోపలికి రమ్మన్నామా, ఆ పిలుపు వెనక్కి తీసుకోవాలంటే మంత్రం కావాలి. మా వీధిలో దెయ్యం రాకుండా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దముక్కతో రాసిన రోజులు గుర్తొచ్చాయి. అమ్మ కూడా రాసింది. చెల్లి చదువుకుని, "మరి రేపు నిజంగా వస్తే?" అని ఏడ్చింది.

మార్చి 5

2021లో ఇందులో నటించిన కరిస్మా కార్పెంటర్ ఈ సిరీస్ సృష్టికర్త జాస్ వీడన్ మీద బహిరంగంగా ఆరోపణలు చేసింది. తన టీనేజీలో అతను తనతో తగని విధంగా ప్రవర్తించాడని మిషెల్ కూడా అప్పుడు చెప్పింది. ఆడపిల్ల ఎవరికీ భయపడక్కర్లేదని మాకు చెప్పిన కథ అది. ఆ మాట చెప్పిన సెట్లోనే ఒక ఆడపిల్ల జాగ్రత్తగా మసలుకోవాల్సి వచ్చిందంటే నాకు కోపం తగ్గదు. నటీమణుల మీద ప్రేమా తగ్గదు.

మార్చి 7

'ది బాడీ' చూశాం.

రీరికార్డింగ్ అసలు లేదు. బఫీ ఇంటికొస్తుంది. అమ్మ సోఫాలో కళ్లు తెరుచుకుని పడి ఉంటుంది. పిలుస్తుంది. మూడో పిలుపుకి అది చిన్నపిల్ల పిలుపైపోతుంది. గుండె మీద నొక్కుతుంటే ఎముక విరిగిన చప్పుడు. రాక్షసుల్ని విరిచిన బలం అది. ఆపరేషన్ అయి కోలుకున్న మనిషి, మెదడులో రక్తనాళం చిట్లి పోయింది. చంపినవాడు ఎవడూ లేడు.

డాన్ బడిలో బొమ్మ గీస్తోంది. వస్తువుని కాదు, దాని చుట్టూ ఉన్న ఖాళీని గీయమంది టీచర్. బఫీ వచ్చి వరండాలోకి తీసుకెళ్లి చెబుతుంది. అసలు మాట మనకి వినపడదు. క్లాసు అద్దంలోంచి ఆ పిల్ల కూలబడటం కనిపిస్తుంది, అంతే. అప్పటికి మిషెల్‌కి 15 ఏళ్లు.

చివర శవాల గదిలో ఒక వాంపైర్ లేస్తాడు. ఆ కొట్లాటలో ఊపు లేదు, అందం లేదు. వాడు దుమ్మైపోతాడు. అమ్మ మాత్రం బల్లమీద అలాగే ఉంటుంది. డాన్ ఆ చెంప వైపు చెయ్యి చాస్తుంది. తాకేలోపే తెర నల్లబడుతుంది.

మార్చి 8

నిన్న చెల్లి ఏమీ మాట్లాడకుండా ఫోన్ పెట్టేసింది. ఇవాళ తనే చేసింది. అమ్మ పోయినప్పుడు చెల్లి రైలు దిగి వచ్చేసరికి అమ్మని ఐస్ బాక్స్‌లో పెట్టేశాం. పైన అద్దం. అద్దం మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. తియ్యమని అడగలేదు. తీస్తానని నేనూ అనలేదు. అనాల్సింది.

మార్చి 10

బఫీ మొదటిసారి ప్రసారమైన రోజు. 1997లో. క్లోయీ జావో దర్శకత్వంలో హులూకి కొత్త బఫీ తీసే ప్రయత్నాలు జరుగుతున్నాయని వార్తలు. రానీ, చూస్తాం.

'ది బాడీ' తర్వాతి ఎపిసోడ్ 'ఫరెవర్' చూశాం. అమ్మని తిరిగి రప్పించాలని డాన్ మంత్రం వేస్తుంది. బయట అడుగుల చప్పుడు, తలుపు తట్టిన చప్పుడు. బఫీ తలుపు వైపు పరిగెడుతుంది. ఆఖరి క్షణంలో డాన్ అమ్మ ఫొటో చింపేస్తుంది. తలుపు తీస్తే ఎవరూ లేరు.

చెల్లి చాలాసేపు ఊరుకుంది. "నేనైతే చింపేదాన్ని కాదక్కా" అంది.