మేత దగ్గర చివరి పెట్ట



ఈ వారం కోళ్ల గురించి రాస్తున్నాము. ఆరాధన అయ్యాక మీలో చాలామంది మమ్మల్ని అడుగుతున్న మాట ఒకటే: "అయ్యగారూ, ఆ పుంజును ఏం చేశారు?" దానికి జవాబు చెప్పాలి. దానితో పాటు ఆ కోళ్ల దగ్గర మేము చూసిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. అది వచ్చే నెల జరగబోయే మన కోత పండుగ భోజనానికి సంబంధించినది.

మందిరం వెనుక మా దొడ్లో 14 పెట్టలు, ఒక పెద్ద పుంజు, ఇంకా ఎదుగుతున్న చిన్న పుంజు ఒకటి ఉన్నాయి. అన్నీ నాటుకోళ్లే. దారిన పోయేవారికి అవి ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నట్టే కనిపిస్తాయి. పొద్దున నూకలు చల్లి పది నిమిషాలు అక్కడే నిలబడితే మాత్రం వాటిలో ఒక వరస ఉందని తెలిసిపోతుంది. నల్ల పెట్ట మిగిలిన పెట్టల్లో దేన్నయినా పొడుస్తుంది, దాన్ని ఏదీ పొడవదు. ఎర్ర పెట్ట నల్లదానికి దారి ఇస్తుంది, మిగిలినవాటిని పొడుస్తుంది. అలా మెట్టు మెట్టు దిగుతూ పోతే చివర బూడిద రంగు పెట్ట ఒకటి ఉంది. అన్నీ దాన్ని పొడుస్తాయి. పొడవడానికి దాని కింద ఇంకేదీ లేదు.

ఈ వరసను మొదట జాగ్రత్తగా పరిశీలించి రాసినవాడు నార్వే దేశస్థుడు తోర్లీఫ్ షెల్డరుప్ ఎబ్బె. చిన్నతనం నుంచే కోళ్లను గమనిస్తూ, ఏది దేన్ని పొడిచిందో రాసుకునేవాడట. పెద్దయ్యాక 1922లో ఆ పరిశీలనలను జర్మన్ భాషలో ప్రచురించాడు. ఇప్పుడు ఆఫీసుల గురించి, రాజకీయాల గురించి మాట్లాడుతూ ఇంగ్లీషులో ‘పెకింగ్ ఆర్డర్’ అంటారు కదా, ఆ మాటకు మూలం ఈ కోళ్లే. పొడుపుల వరస అన్నమాట.

వరస ఉండటమే చెడ్డదని మేము అనడం లేదు. కోడిపిల్లలు కొన్ని వారాల వయసు రాగానే రొమ్ము విరుచుకుని ఒకదాని మీద ఒకటి ఎగురుతాయి. ఆ చిన్న చిన్న గొడవల్లోనే ఎవరి చోటు ఏదో తేలిపోతుంది. తేలాక ప్రతి పూటా కొట్టుకోవలసిన పని లేదు. పెద్దది తల ఎత్తి చూస్తే చాలు, చిన్నది పక్కకు తప్పుకుంటుంది. రక్తం కారేది వరస చెదిరినప్పుడే. అందుకే సంత నుంచి కొత్త పెట్టను తెచ్చి నేరుగా గుంపులో వదలకూడదు. ఒక వారం రోజులు వల అవతల ఉంచి, ఒకదాన్నొకటి చూసుకోనిచ్చి, తరువాత చీకటి పడ్డాక గూట్లో పెట్టాలి. కోళ్లు పెంచే ఇళ్లలో పెద్దమ్మలకు ఇది ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

ఇబ్బంది వచ్చేది మేత దగ్గర. మా దొడ్లో వేపచెట్టు కింద ఒకే ఒక తొట్టి ఉండేది. నల్లది, ఎర్రది, వాటి వెనుక వచ్చేవి దాని చుట్టూ నిలబడితే బూడిద రంగు దానికి సందు దొరికేది కాదు. ఒక గింజ కోసం మెడ చాపితే నెత్తి మీద పోటు. సాయంత్రం గూట్లోకి తోలేటప్పుడు అమ్మగారు దాన్ని పట్టుకుని మెడ కింద మేతసంచి తడిమి చూశారు. మిగిలిన పెట్టలకు నిమ్మకాయంత గట్టిగా తగిలే చోట దీనికి ఏమీ తగల్లేదు. వీపు మీద ఈకలు ఊడి చర్మం కనిపిస్తోంది. ఒకచోట రక్తం చుక్క కూడా ఉంది. కోళ్లకు ఎరుపు కంటపడితే పొడుస్తూనే ఉంటాయి, గాయం మానేదాకా విడిగా ఉంచాలి. పసుపు, వేపనూనె కలిపి రాసి, గంప కింద పెట్టి, మిగతావాటికి కనబడేట్టుగా దొడ్లోనే ఉంచాము. పూర్తిగా దూరం పెడితే తిరిగి వచ్చినప్పుడు దాన్ని కొత్తదాన్ని చూసినట్టే చూస్తాయి.

నల్ల పెట్టను కోసేస్తే సరిపోతుంది కదా అని కొందరు అన్నారు. సరిపోదు. నల్లది పోతే ఎర్రది ఆ చోటికి వస్తుంది. చివరిది చివరే ఉంటుంది. మేము చేసింది చిన్న పని. దొడ్డికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి మరో రెండు మట్టి మూకుళ్లు పెట్టాము. నల్లది ఎంత గట్టిదైనా ఒకేసారి మూడు చోట్ల నిలబడలేదు. మూడు వారాలకు బూడిద రంగు పెట్ట వీపు మీద కొత్త ఈకలు మొలిచాయి. వరసలో అది ఇప్పటికీ చివరే. కానీ ఆకలితో గూటికి వెళ్లడం లేదు.

ఇక పుంజు సంగతి. ముందుగా దాని మంచి చెప్పాలి. పురుగో గింజో దొరికితే అది వెంటనే మింగదు. ముక్కుతో పైకి ఎత్తి, కింద వదిలి, ‘కొక్‌ కొక్‌ కొక్‌’ అని పెట్టలను పిలుస్తుంది. అవి వచ్చి తింటే చూస్తూ నిలబడుతుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక రకంగా, నేల మీద కుక్కో ముంగిసో వస్తే ఇంకో రకంగా అరుస్తుంది. ఆ తేడా పెట్టలకు తెలుసు. మొదటి అరుపుకు కంప కిందకు దూరతాయి, రెండో దానికి తల ఎత్తి చుట్టూ చూస్తాయి. తెల్లవారుజామున ముందు కూసేది కూడా పెద్ద పుంజే. చిన్నది దాని తరువాతే గొంతు విప్పుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2015లో ఇదే సంగతి పరీక్షించి ప్రచురించారు. కొన్ని పుంజులను కలిపి ఉంచితే పై స్థానంలో ఉన్నది మొదట కూస్తుంది, మిగిలినవి తమ తమ వరసలో కూస్తాయి.

ఇదే పుంజు ఏడాది వయసు దాటాక మనుషుల మీదకు ఎగరడం మొదలుపెట్టింది. మెడ ఈకలు నిక్కబొడుచుకుని, ఒక రెక్క కిందకు వంచి, పక్కకు అడుగులేస్తూ వస్తుంది. తరువాత రెండు కాళ్లూ ముందుకు చాపి ఎగురుతుంది. కాలి వెనుక ముల్లు తగిలితే చర్మం చీలుతుంది. పెద్దవాళ్లకు మోకాలి దగ్గర తగిలేది చిన్నపిల్లలకు కంటి దగ్గర తగులుతుంది. ఆదివారం బడికి వచ్చే పిల్లలు దొడ్డివైపు రావడానికి భయపడేవారు. ఒక పాప చేతి మీద గీత కూడా పడింది.

అది ఎందుకలా చేస్తుందో గమనించాము. మేత గిన్నెతో మేము లోపలికి వెళ్లినప్పుడే ఎక్కువగా ఎగిరేది. తన పెట్టల మధ్యకు ఇంకో పుంజు వచ్చిందని దాని లెక్క. రోజూ తిండి పెట్టే చేతినే పోటీదారుడి చేయి అనుకుంది. కర్రతో కొడితే, కాలితో తంతే దాని లెక్క నిజమైనట్టే, మరునాడు ఇంకా గట్టిగా వస్తుంది. వెనక్కి తిరిగి పరిగెడితే తాను గెలిచానని నేర్చుకుంటుంది. కదలకుండా నిలబడి, రెక్కలు అదిమి పట్టి, చంకలో పెట్టుకుని అది నెమ్మదించేదాకా మోయాలి. అలా చేయగా మాతో కొంత తగ్గింది. పిల్లలతో తగ్గలేదు. అన్ని పుంజులూ మారవు.

ఆ సమయంలోనే, సంక్రాంతికి రెండు నెలల ముందు, పందేలకు పుంజులు కొనే ఒకాయన వచ్చాడు. "మనిషి మీదకే ఎగిరే పుంజు బరిలో వెనకడుగు వేస్తుందా పాస్టర్‌గారూ? మంచి ధర ఇస్తా, ఇచ్చేయండి" అన్నాడు. మందిరం పైకప్పు రేకులు కారుతున్న సంగతి మీకు తెలుసు. ఆ డబ్బుతో రెండు రేకులైనా వచ్చేవి. ఆ రాత్రి మేమిద్దరం దాని గురించి ప్రార్థన చేసి, ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాము. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం జంతువులను పోట్లాటకు దింపడం నేరం. అది ఒక్కటే కాదు. పెట్టలకు కాపలా కాయడానికి దేవుడు ఇచ్చిన బలానికి కత్తి కట్టి, ఇంకో ప్రాణి మీదకు వదిలిన డబ్బుతో ఆయన మందిరానికి కప్పు వేయలేము. ఇప్పుడు దానికి వలతో ఒక ఆవరణ కట్టాము. తెల్లవారుజామున, సాయంత్రం పెట్టలతో తిరుగుతుంది. పిల్లలు వచ్చే వేళ, ఆదివారమంతా ఆవరణలోనే ఉంటుంది. ఇదీ మీరడిగిన దానికి జవాబు.

మన పల్నాటి వాళ్లకు కోడిపోరు కొత్త కాదు. బ్రహ్మనాయుడు, నాగమ్మ పందెం కట్టిన కథ, ఓడినవారు రాజ్యం విడిచి వెళ్లిన కథ, చివరికి కారెంపూడిలో అన్నదమ్ముల పక్షాలవారు ఒకరినొకరు నరుక్కున్న కథ మన తాతలు చెప్పగా విన్నాము. పై స్థానం ఎవరిదన్న పంతం ఎక్కడిదాకా పోతుందో ఆ కథ చెబుతుంది. అదే బ్రహ్మనాయుడి పేరుతో చాపకూడు కూడా చెప్పుకుంటాము. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని. కోడిపోరూ చాపకూడూ ఒకే కథలో ఉన్నాయి. ఈ నేల మీద పుట్టిన మనకు రెండూ తెలుసు.

లూకా సువార్త 22వ అధ్యాయం ఈ వారం ఇంట్లో కూర్చుని మొత్తం చదవండి. చివరి రాత్రి ప్రభువు రొట్టె విరిచి ఇచ్చాడు. ఆ బల్ల దగ్గరే, రొట్టె ఇంకా చేతిలో ఉండగానే, తమలో ఎవరు గొప్ప అని శిష్యులు వాదించుకున్నారు. మూడేళ్లు ఆయనతో నడిచినవారు కూడా భోజనం దగ్గరే వరస కోసం పోట్లాడారు. ఆయన వారిని వెళ్లగొట్టలేదు. లోకంలో పెద్దలు ఎలా ఉంటారో చెప్పి, తాను వారి మధ్య వడ్డించేవాడిగా ఉన్నానని గుర్తు చేశాడు. అదే అధ్యాయంలో, అదే రాత్రి ముగిసేలోగా కోడి కూసింది. ముందు వరసలో ఉన్న పేతురు బయటకు వెళ్లి ఏడ్చాడు. దీనికి ముందు, 13వ అధ్యాయంలో, ప్రభువు తనను తాను పోల్చుకున్నది పుంజుతో కాదు, పిల్లలను రెక్కల కింద చేర్చుకునే పెట్టతో. ఆయన రెక్కల కింద మొదటి పిల్ల, చివరి పిల్ల అనే లెక్క లేదు.

ఇప్పుడు మన భోజనం సంగతి. మన ప్రేమ విందులో పెద్దలకు కుర్చీలు, మిగతావారికి పట్టాలు. కుర్చీలవారికి ముందు వడ్డన. దీన్ని ఎవరూ తీర్మానం చేసి పెట్టలేదు, కోళ్లలో లాగే అలా కుదిరిపోయింది. చివరి పంక్తికి వచ్చేసరికి గిన్నెలో ముక్కలు ఉండవు, పులుసే ఉంటుంది. ఆ పంక్తిలో ఎప్పుడూ అవే ముఖాలు: విధవరాళ్లు, కూలికి పోయి ఆలస్యంగా వచ్చేవారు, పక్క పేట నుంచి కొత్తగా సంఘంలో చేరిన కుటుంబాలు. ఒక పెద్దమ్మ రెండేళ్లుగా విందుకు ఉండటం లేదు. అడిగితే "ఆకలిగా లేదయ్యా" అంటుంది. పొలం పని చేసి వచ్చిన మనిషికి మధ్యాహ్నం రెండింటికి ఆకలి ఉండదా?

సంఘ పెద్దలతో మాట్లాడాము. "ఇన్నేళ్లుగా లేనిది ఇప్పుడెందుకు?" అని కొందరు అన్నారు. వారి మీద మాకు కోపం లేదు. మందిరానికి ఇటుకలు మోసింది వారే, కష్టకాలంలో కాపలా ఉన్నదీ వారే. వారి పెద్దరికాన్ని తీసేయమని మేము అడగడం లేదు. ఈ కోత పండుగకు మూడు చోట్ల వడ్డన పెడదాము. మొదటి పంక్తిలో విధవరాళ్లు, పిల్లలు, దూరం నుంచి నడిచి వచ్చినవారు కూర్చుంటారు. గరిటెలు సంఘ పెద్దల చేతుల్లో ఉంటాయి. మేమూ అమ్మగారూ వారితో పాటు వడ్డించి, చివరి పంక్తిలో తింటాము. దీనికి ఇద్దరు పెద్దలు అప్పుడే ఒప్పుకున్నారు. మిగతావారి కోసం ప్రార్థిస్తున్నాము.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీరు పనిచేసే చోట, అందరికంటే చివర తినేది ఎవరో చూడండి. చాలా ఇళ్లలో అది అమ్మో కోడలో అయి ఉంటుంది. ఒక్క రోజు వారిని ముందు కూర్చోబెట్టి మీరు వడ్డించండి. ఆ పెద్దమ్మ ఇంటి దగ్గర ఉండేవారు ఈసారి విందుకు ఆమెను చేయి పట్టుకుని తీసుకురండి. ఆమె కోసం చోటు ఉంచుతాము.

ప్రభువా, మాకు ఇచ్చిన బలాన్ని కాపలాకు వాడటం నేర్పించు. నీ బల్ల దగ్గర ఎవరూ ఆకలితో లేచిపోకుండా మా చేతులను వాడుకో. ఆమేన్.